మడిచిన వేలు

ఒక వానకాలం మెదక్ బస్టాండ్ల పట్నం బస్సు ఎక్కిన. పక్క సీట్ల ఒక కాలేజీ అమ్మాయి, బోర్లేసిన గిన్నె లాంటి తెల్లటిదేదో ఒడిల పెట్టుకొని కూసున్నది. థర్మాకోల్ ఏమో అనుకున్న.

"గదేంది బిడ్డా?" అని వేలు చూపిన.

ఆమె గబుక్కున చున్నీ కప్పింది. "వేలు చూపకుండ్రి ఆంటీ, అది ఇంకా పెరుగుతుంది!"

నాకు నవ్వొచ్చింది. తర్వాత ఆమెనే చెప్పింది. అది లైటుకు తొడిగే షేడట. వరిగడ్డి ముక్కలల్ల పుట్టగొడుగుల విత్తనం కలిపి అచ్చుల నింపితే, తెల్లటి దారాలు పుట్టి గడ్డినంత అల్లుకొని ఒక్క ముద్దగ గట్టిపడతయట.

"మస్తు చేసిన ఆంటీ. అన్నిటికి పచ్చబూజు పట్టింది. గిదొక్కటే బతికింది. పూర్తిగ పెరిగినంక ఎండబెడ్త."

గీ కాలం పిల్లకు ఆ మాట ఎవరు చెప్పిండ్రో! మా అమ్మమ్మ బీరపాదు కాడ అనేది: "పిందెకు వేలు చూపకు, కుళ్లిపోతది. మడిచి చూపు." ఆమె పోయినంక మళ్ల ఎవరి నోటా వినలే.

నేను వేలు మడిచి, "జర చూపియ్యి బిడ్డా" అన్న. ఆమె చున్నీ కొంచెం లేపింది. తొలివాన పడ్డ పెరడు వాసన వచ్చింది.

నర్సాపూర్ల దిగిపోయింది. పేరన్న అడగలే. ఆ షేడు కింద లైటు వెలిగిందో లేదో తెల్వది.

మొన్న మా కోడలు దవాఖానకెళ్లి వచ్చి, కడుపుల బిడ్డ స్కానింగ్ ఫోటో నా చేతుల పెట్టింది. "గిదేనా తల?" అని చూపబోయిన. వేలు దానంతట అదే మడుసుకున్నది.