నాలుగు వందల పదిహేడు

బాపును ఆ తోటకు తీసుకుపోయింది దీపాలు చూపించడానికి కాదు. ఆయనకు చూపు మిగిలి ఉందో లేదో తేల్చుకోవడానికి. ఈ సంగతి అప్పుడు ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. ఇప్పుడు రాస్తుంటే కూడా నా మీద నాకు కోపంగానే ఉంది.

ఆయన ఎడమకన్ను నాలుగేళ్ళ కిందటే పోయింది. నీటికాసులు. నొప్పి లేకుండా, చప్పుడు చేయకుండా చూపును తినేసే జబ్బు అది. కుడికంటికి కూడా మొదలైందని కరీంనగర్ డాక్టరు చెప్పాడు. పోయిన చూపు తిరిగి రాదు, ఉన్నప్పుడే ఆపరేషన్ చేస్తే ఆ ఉన్న కాస్తా నిలుస్తుంది అన్నాడు. బాపు వినలేదు. తనకు మంచిగనే కనపడుతోందని, కోయించుకోవాల్సిన పని లేదని చుక్కల మందుతో సరిపెట్టాడు. చలికాలం నుంచి నేను అడగడం, ఆయన బాగానే ఉందనడం, ఇదే వరస.

ఇంట్లో ఏ గోడ ఎక్కడుందో, బిందె ఎక్కడుందో ఆయనకు తెలుసు. చర్చిలో అందరితో పాటు పాటల పుస్తకం తెరిచి పట్టుకుంటాడు, కానీ ఆ పాటలన్నీ ఆయనకు నోటికి వచ్చు. ఈస్టర్ రోజున చూపుడువేలు కాలి బొబ్బ లేస్తే చాయ్ ఒలికిందన్నాడు. నేను నమ్మి మందు రాశాను. నేను లెక్కల టీచర్ని. పక్కవాడి పేపర్ చూసి రాసే పిల్లల్ని ఇరవై ఏళ్ళుగా పట్టుకుంటున్నాను. సొంత తండ్రిని పట్టుకోవడం మాత్రం నాకు చేతకాలేదు.

జూన్ మొదట్లో, బడులు ఇంకా తెరవకముందు, గోదావరిఖనిలో మా కాలనీకి దగ్గరున్న పార్కులో ఒక దీపాల ప్రదర్శన పెట్టారు. హైదరాబాద్ నుంచి వచ్చిన ఒక కళాకారిణి మూతపడ్డ బొగ్గుబాయిల నుంచి పాత బత్తులు పోగుచేయించింది. బత్తి అంటే మా దగ్గర బొగ్గుబాయిలోకి దిగేవాళ్ళు టోపీకి తగిలించుకునే దీపం. వాటి లోపల కొత్త బల్బులు పెట్టి, నడుమెత్తు ఇనుప చువ్వలకు బిగించి, పచ్చిక నిండా వరుసలు వరుసలుగా నాటించింది. గేటు దగ్గర ఫ్లెక్సీ మీద ‘భూమి కింది నక్షత్రాలు’ అని పెద్ద అక్షరాలు. బాయిలోకి ఒక్కసారి దిగినవాళ్ళెవరూ ఆ పేరు పెట్టరు. అక్కడ ఉండేవి ఉక్కపోత, మోకాటి లోతు నీళ్ళు.

బత్తులంటే బాపు కాదనడని నాకు తెలుసు. ఆయన ముప్పై ఏళ్ళు ల్యాంప్ రూమ్‌లో పనిచేశాడు. షిఫ్టుకు ముందు ప్రతి కార్మికుడూ తన నంబరున్న ఇత్తడి బిళ్ళను కిటికీలోంచి లోపలికిస్తే, బాపు దాన్ని కొక్కేనికి తగిలించి అదే నంబరు బత్తి బయటికి ఇచ్చేవాడు. పైకి వచ్చాక బత్తి వాపసు ఇచ్చి బిళ్ళ తీసుకుపోవాలి. షిఫ్టు అయ్యాక కొక్కేనికి బిళ్ళ మిగిలిందంటే ఆ మనిషి ఇంకా కిందనే ఉన్నట్టు. అందుకే బాపు డ్యూటీ నుంచి రాగానే అమ్మ అడిగే మొదటి మాట “అన్నీ వచ్చినయా?” అని. ఆయన వచ్చినయ్ అన్నాకే ఆమె పీట వాల్చేది.

నేను ఏడో తరగతిలో ఉండగా ఒక రోజు ఆయన చాలా ఆలస్యంగా వచ్చాడు. అమ్మ అడగకముందే గడపలో నిలబడి “ఒకటి రాలే” అన్నాడు. అమ్మ “ఏది?” అంది. “నాలుగు వందల పదిహేడు” అన్నాడు.

అది మా చిన్నమామ నంబరు. అమ్మకు ఒక్కగానొక్క తమ్ముడు. నాకు ఎక్కాలతో పాటు ఆ నంబరు కూడా నేర్పాడు, తడుముకోకుండా చెప్తే చాక్లెట్ ఇచ్చేవాడు. ఆ రోజు మామ వేళ దాటాక ల్యాంప్ రూమ్‌కి వచ్చాడట. వేళ దాటితే బత్తి ఇవ్వకూడదు. బామ్మర్ది కదా, ఒక రోజు హాజరు పోతుందని బాపు ఇచ్చాడు. షిఫ్టు సగంలో బాయి కప్పు కూలింది. మామను శవంగా బయటికి తీశారు గానీ బత్తి దొరకలేదు. ఆ తర్వాత అమ్మ ఎన్నడూ ఆ ప్రశ్న అడగలేదు. బాపు కూడా ఆ నంబరుతో మరో బత్తి తయారు కానివ్వలేదు.

సాయంత్రం చీకటి పడే వేళకు స్కూటీ మీద బయలుదేరాం. తోటలో చెట్ల ఆకుల మీద ఓపెన్‌కాస్ట్ బొగ్గు గని దుమ్ము అలాగే ఉంది. గేటు బయట మక్కకంకులు కాలుస్తున్నారు. లోపల పిల్లలు వరుసల మధ్య పరుగులు పెడుతుంటే తల్లులు ఫోన్లు పట్టుకుని ఫోటోలు తీస్తున్నారు.

లోపలికి పోగానే ఒక బోర్డు ఉంది. కాసేపటికోసారి దీపాలన్నీ మెల్లగా ఆరిపోతాయని, బాయిల్లో చనిపోయినవాళ్ళ కోసం అంతసేపూ అందరూ మౌనంగా ఉండాలని రాశారు. నేను చదువుకున్నాను. బాపుకు చదివి వినిపించలేదు, ఇది మొదటి పరీక్ష అనుకున్నాను. ఆయన బోర్డు ముందు నిలబడి, చదవడానికి ఎంతసేపు పడుతుందో సరిగ్గా అంతసేపు ఆగి, తల ఊపి ముందుకు నడిచాడు. నా గుండె తేలికపడింది. మనసులో పదికి పది వేసేశాను.

ఆయన చెయ్యి నా భుజం మీద ఉంది. గడ్డిలో కేబుళ్ళున్నాయి కదా, పట్టుకుంటే మంచిదే అనుకున్నాను. మా వెనక ఒక పాప అన్నీ ఎర్రగా అయినయని వాళ్ళమ్మతో అంది. కాసేపాగి బాపు “ఎర్రగ మారినయ్ చూసినవా” అన్నాడు. నేను మురిసిపోయాను. ఆ పాపను లెక్కలోకే తీసుకోలేదు.

ఒక బత్తి దగ్గర ఆగి దాన్ని రెండు చేతులతో తడిమాడు. ఏ కాలం నాటి రకమో, దాని బ్యాటరీ నడుముకు ఎంత బరువుండేదో చెప్పాడు. ఆ వరుసలు బాపు పనిచేసిన బాయివే, ఒక్కో బత్తి పక్కన సన్నగా తెల్లరంగుతో రాసిన పాత నంబరు ఉంది. కళ్ళద్దాలు ఇంట్లోనే మరిచిపోయానని, నంబర్లు నన్నే చదవమన్నాడు. నేను చదువుతూ పోతుంటే ఆయన మనుషుల్ని చెబుతూ పోయాడు. ఒకటి శ్రీరాంపూర్ నుంచి వచ్చిన ఆయనది, బత్తి చేతికివ్వగానే మూడుసార్లు కళ్ళకద్దుకునేవాడట. ఇంకొకటి మందమర్రికి బదిలీ అయిపోయినాయనది, ఎప్పుడు వాపసు ఇచ్చినా దాని మీద పాన్ మరకలేనట. ఏళ్ళుగా అంతసేపు మాట్లాడని మనిషి ఆ సాయంత్రం ఆగకుండా మాట్లాడాడు. రేపే డాక్టరు దగ్గరికి పోదామని ఎట్లా ఒప్పించాలా అని నేను ఆలోచిస్తున్నాను.

అప్పుడు దీపాలు తగ్గడం మొదలైంది. పచ్చిక చివరి వరుస నుంచి ఒక్కొక్కటే మసకబారి, మా వరుస కూడా ఆరిపోయింది. మాటలు ఆగాయి. పరుగెత్తే పిల్లల్ని తల్లులు దగ్గరికి లాక్కున్నారు. దూరంగా గేటు దగ్గరి బల్బు తప్ప ఎక్కడా వెలుగు లేదు. ఇనుప చువ్వలు కూడా కనిపించడం లేదు.

ఆ చీకట్లో బాపు గొంతు వినిపించింది. “ఎంత మంచిగ వెలుగుతున్నయ్ బిడ్డా.”

ఎవరో అటు తిరిగి ష్ష్ అన్నారు. గేటు బల్బు మసక వెలుతురులో ఆయన తన ఎదురుగా ఉన్న చీకటి వైపు ముఖం పెట్టి నవ్వుతున్నాడు.

“తర్వాతది ఎంత?” అని అడిగాడు.

ఏదో ఒక నంబరు చెప్పాలి. ఆ క్షణం ఆయన పరువు కాపాడడం తప్ప నాకు ఇంకేమీ తోచలేదు. లెక్కల టీచర్ని, నోట్లో వేల నంబర్లుంటాయి. కానీ తడుముకోకుండా వచ్చేది ఒక్కటే ఉందని ఆ గడియ దాకా నాకూ తెలియదు. “నాలుగు వందల పదిహేడు” అన్నాను.

భుజం మీద ఉన్న చెయ్యి బిగుసుకుంది. తర్వాత చాలా మెల్లగా అన్నాడు.

“ఆ బత్తి ఈడ ఉండది బిడ్డా. గది నాకు వాపస్ రాలే.” ముఖం నా వైపు తిప్పాడు. “బత్తులు ఆర్పిండ్రా?”

నేను “ఆ” అన్నాను.

ఎప్పటి నుంచి అని అడిగాను. మట్టల ఆదివారం నాడు చేతిలో మట్ట నీడలాగా కనిపించిందట. ఆ మరుసటి ఆదివారం ఈస్టర్ తెల్లవారుజామున, మేమంతా సమాధుల తోటకు పోయినప్పుడు, మామ సమాధి మీద కొవ్వొత్తి వెలిగించాడు. అగ్గిపుల్ల గీసిన చప్పుడు వినిపించింది. మంట వేలికి తగిలింది గానీ కంటికి కనిపించలేదు. నేను మందు రాసిన బొబ్బ అది.

దీపాలు మళ్ళీ వచ్చాయి, పిల్లలు కేకలు వేశారు. గేటు దాటేదాకా ఆగి ఆయన మీద విరుచుకుపడ్డాను. రెండు నెలలు దాచావా అన్నాను. ఒక్క మాట ముందు చెప్తే ఉన్న కన్నన్నా నిలిచేది కదా అన్నాను. మక్కకంకులు కాల్చే ఆమె విసనకర్ర ఆపి మా వైపు చూసింది. బాపు స్కూటీ సీటు తడుముకుంటూ నిలబడ్డాడు.

“వాని బత్తి నా చేతులతోనే ఇచ్చిన బిడ్డా. నా బత్తి పోతుంటే అడ్డం పడెతందుకు నాకు మొఖం లేకుండె” అన్నాడు.

నేను ఆయనను ఎక్కించుకుని బండి తీశాను. దారి పొడుగునా ఆయన రెండు చేతులతో నా భుజాలు పట్టుకుని కూర్చున్నాడు. పోయేటప్పుడు కూడా అట్లాగే పట్టుకుని ఉంటాడు, నేనే గమనించలేదు.

ఇంటికి చేరేసరికి అమ్మ వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. మేము పోయింది బత్తుల దగ్గరికని ఆమెకు తెలుసు. ఏమీ అడగకుండా బాపు ముఖంలోకే చూస్తోంది. ఆయన చేత్తో తలుపు చెక్క పట్టుకుని గడపలో ఆగాడు.

“ఒకటి రాలే” అన్నాడు.

ముప్పై ఏళ్ళ తర్వాత ఆ మాట విన్నది అమ్మ. లేచి వచ్చి, ఆయన చెయ్యి అందుకుని, కాలిన చూపుడువేలిని తన వేళ్ళ మధ్య పట్టుకుంది.

“ఏది?” అంది.

“ఉన్న ఒక్కటే” అన్నాడు బాపు.