అల్లుడి బీరులో నా బెల్లం

మా అల్లుడు ఇంట్లో బీరు చేస్తానని మూతున్న ప్లాస్టిక్ బకెట్టు మోసుకొచ్చిన శనివారం, నేను చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ నోరు మూసుకుని కూర్చున్నాను. నోరు మూసుకోవడం నాకు రాని విద్య. ఆయన మొదలుపెట్టిన విద్య మాత్రం బాగా వచ్చు.

బీరు కాదనుకోండి, సారా. మా ఆయన లారీ కింద పడి పోయాక, గోదావరి లంకలో మూడేళ్ళు నాటుసారా కాచాను. నల్లబెల్లం, తుమ్మచెక్క, నాలుగు కుండలు, ఒక పొయ్యి. అమ్మాయి ఆ పొయ్యి వెలుగులోనే చదువుకుంది. ఒకరోజు ఎక్సైజు వాళ్ళు వచ్చి కుండలు పగలగొట్టి, పులిసిన బెల్లం ఊట నేలపాలు చేసి, నన్ను జీపెక్కించారు. ఆ జీపు స్కూలు గేటు ముందునుంచే పోయింది, సరిగ్గా బడి వదిలే వేళకి. అమ్మాయి అప్పుడు ఎనిమిదో తరగతి. తిరిగొచ్చాక నేను ఇడ్లీలు వేసుకుని బతికాను గానీ, ఆ జీపు మాత్రం దాని కళ్ళలోంచి దిగలేదు.

అది ఇంజనీరైంది, ఇంకో ఇంజనీర్ని చేసుకుని సింగపూరు వచ్చింది. కంప్యూటరు ఉద్యోగాలు వరదలా ఉన్న రోజులవి. జురాంగ్ ఈస్ట్‌లో మా లిఫ్టు ఎక్కితే వారానికో కొత్త తెలుగు మొహం. అల్లుడికి అమ్మాయి ఏం చెప్పిందంటే, మా అమ్మకి బెల్లం వ్యాపారం అని. అబద్ధమని అనలేను. బెల్లం కొనేదాన్ని. అమ్మేదాన్ని కాదు, అంతే తేడా.

పురుటికి సాయంగా నేను దిగిన మొదటి రోజే, అల్లుడు స్నానానికి వెళ్ళగానే అమ్మాయి నా చెయ్యి తన పొట్ట మీద పెట్టుకుంది.

“అమ్మా, లోపలున్న బిడ్డ మీద ఒట్టు. ఆ సంగతి ఆయనకి తెలియకూడదు. ఆయన నిన్ను చులకనగా ఒక్క చూపు చూసినా నేను తట్టుకోలేను.”

ఏడో నెల పొట్ట మీద ఒట్టు. ఇంకేం మాట్లాడతాను?

అదిగో, అలాంటప్పుడు ఈయన బకెట్టు తెచ్చాడు. వన్-నార్త్ అనే పేటలో ఆయన ఆఫీసు. అక్కడ మేనేజరు, ఓ పెద్దవయసు చైనా ఆయన, తన ఇంట్లో బీరు చేసుకుంటాడట. ఆ పిచ్చి మా అల్లుడికి అంటించాడు. పాయా లేబర్‌లో ఎక్కడో సామాన్లు దొరికితే ఈయన ఒక డబ్బాడు నల్లపాకం, ఒక పొడి పొట్లం, వంకర గాజుగొట్టం కొనుక్కొచ్చి, నెట్లోంచి తీసిన కాయితాలు వంటింటి గోడకి అంటించాడు.

“అత్తయ్యగారూ, ఇదిగో, దీన్ని ఈస్టంటారండి. ఇందులో ప్రాణం ఉంటుంది,” అన్నాడు.

“అయ్యబాబోయ్, కరుస్తుందాండీ?”

“కరవదండి. తీపి తిని గాలి వదులుతుందంతే.”

“మా మేనత్తా అంతేనండి.”

అమ్మాయి గదిలోంచి గుడ్లురిమింది. నేను చిక్కుడుకాయల మీదికి వంగిపోయాను.

ఆయన బకెట్టు, గరిటె, గొట్టం అన్నీ మందునీళ్ళతో కడిగాడు. కాయితంలో అలా ఉందట, మురికి తగిలితే సరుకు చెడుతుందట. అంతా కడిగి, తల గోక్కుని, అదే చెయ్యి బకెట్లో పెట్టాడు. నేను కళ్ళు మూసుకున్నాను. తర్వాత ఆవిరి కక్కుతున్న పాకంలో ఆ పొడి పొయ్యబోయాడు. ఇక ఆగలేక, “ఇడ్లీపిండి కూడా వేడి మీద పులవదు కదండీ,” అనేశాను. ఆయన చెయ్యి ఆగింది. కాయితం మళ్ళీ చూసుకుని, “కరెక్టేనండోయ్” అని చల్లారేదాకా ఫ్యాను కింద కూర్చున్నాడు.

“ఇలా ఇంట్లో కాస్తే పోలీసులు ఊరుకుంటారాండీ?” అని అడిగాను, ఉండబట్టలేక.

“మన ఇంటి మట్టుకైతే తప్పులేదండి ఇక్కడ. అమ్మకూడదంతే.”

చూశారా! ఒక ఊళ్ళో జీపు, ఒక ఊళ్ళో గోడకి కాయితం.

మూడో రోజుకీ మూతలో దూర్చిన గాజుగొట్టంలో గాలిబుడగ రాలేదు. టీవీ చూసినట్టు ఆ బకెట్టు ముందే కూర్చునేవాడు పాపం. ఆఫీసుకి పోయి అక్కణ్ణుంచి ఫోను చేసేవాడు. “అత్తయ్యగారూ, బుడగ వచ్చిందాండీ?” “ఏ బుడగండీ?” అనేదాన్ని. ఫోను పెట్టేసి బకెట్టుకి చెవి ఆనించాను. లోపల సన్నగా చిటపట, తాటాకు మీద తుంపర పడ్డట్టు. చావలేదు, బ్రతికే ఉంది. మూత సరిగ్గా కూర్చోక గాలి పక్కనుంచి పోతోంది, అంతే. అమ్మాయి ఆఫీసులో ఉంది. మైదా కలిపి తాడులా పేనాను. మూత చుట్టూ పెట్టి, బొటనవేలితో వరసగా నొక్కాను. కుండ మీద కుండ బోర్లించినప్పుడు మేం అలాగే మూసేవాళ్ళం. పది నిమిషాల్లో గొట్టం బుడుక్, బుడుక్ అంది. నాకు వయసు తగ్గినట్టయింది. చుట్టూ తడిగుడ్డ కూడా కట్టాను, ఈ ఊరి ఉక్కకి చల్లగా ఉంటుందని.

సాయంత్రం ఆయన ఎగిరి గంతేశాడు. “ఈ పిండేంటండీ?”

“దమ్ బిర్యానీకి పెడతారు కదండీ, అలా పెట్టాను.”

అమ్మాయి మాత్రం ఆ వేలిముద్రలు చూసింది. నన్ను వంటింట్లోకి లాగి, “అమ్మా, ఇంకోసారి ఆ బకెట్టు ఛాయలకి వెళ్ళావంటే నిన్ను రిటర్ను విమానం ఎక్కించేస్తా,” అంది. గొంతులో కోపం కంటే భయం ఎక్కువుంది. సరేనన్నాను.

రెండు వారాలకి సీసాల్లో పోసే రోజు వచ్చింది. సీసాలో కాస్త తీపి పడాలి. అది తిని గాలి పుడితేనే నురగ. ఆ సంగతి నాకు తెలుసు, కాయితానికీ తెలుసు. నేను పొద్దున్న స్నానం, పూజ ముగించుకుని వచ్చేసరికి ఆయన సీసాలు నింపేసి వరసగా పెట్టాడు. మూతలు బిగించబోతుండగా ఆఫీసు నుంచి ఫోను. ఏదో ఆగిపోయిందట, గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. పంచదార పొట్లం అరలో కట్టు విప్పకుండా ఉంది. అయ్యో, తీపి మర్చిపోయాడనుకున్నాను. చెబుదామంటే అమ్మాయి హాల్లోనే సోఫాలో కాళ్ళు చాపుకుని ఉంది. చెప్పకూడదు, చూస్తూ ఊరుకోకూడదు. ఏం చేస్తాను? బెల్లం చిన్న చిన్న ముక్కలుగా కొట్టి, సీసాకొకటి జారవిడిచాను. ముప్ఫై సీసాలు. నురగ కాస్త పైకి లేచి దణ్ణం పెట్టినట్టు దిగింది. ఆయన వచ్చి మూతలు బిగించి, అన్నీ స్టోరు గదిలో పెట్టాడు.

ఈ ఫ్లాట్లలో స్టోరు గదంటే బాంబు షెల్టరే. మందం గోడలు, ఇనుప తలుపు. యుద్ధం వస్తే దాక్కోవడానికి కట్టారట. అది వచ్చేలోపు అందరూ అందులో బియ్యం బస్తాలు, మడతకుర్చీలు పెట్టుకుంటారు.

తర్వాతి ఆదివారం మేనేజరూ, ఇంకో ముగ్గురూ భోజనానికి వస్తామన్నారు, బీరు రుచి చూడ్డానికి. పొద్దున్న పెసరట్లు తింటున్నాం. లోపల ఢామ్మంది.

“ఒక సీసా పగిలినట్టుంది,” అని అల్లుడు లేచాడు.

“ఏవండీ, తలుపు తీస్తే కుర్చీలు కూడా తీసేద్దాం,” అని అమ్మాయి పొట్ట పట్టుకుని వెనకే నడిచింది.

“సరే రా. అయినా పగలకూడదే! డబ్బాలో ఉన్న పంచదారే గ్రాములతో సహా తూచి, పాకం కాచి బకెట్లోనే కలిపాను,” అన్నాడు ఆయన.

నా చేతిలో అట్టు చేతిలోనే ఉంది. బకెట్లో ఆయన పంచదార. సీసాల్లో నా బెల్లం. అన్నిట్లోనూ రెండింతలు.

“అల్లుడుగారూ, ఆ తలుపు తియ్యొద్దండి!”

“ఏం లేదత్తయ్యగారూ, ఒక్క సీసా. గాజు పలచనై ఉంటుంది.”

“ఒక్కటి కాదండి, అన్నీ పేలతాయి.”

“మీకు దీని సంగతి తెలియదండి,” అంటూ పిడి మీద చెయ్యేశాడు. ఆయన వెనక పిల్ల, పిల్ల పొట్టలో పిల్ల.

“నేనూ తీపి వేశానండి. మీరు ఫోన్లో ఉన్నప్పుడు, సీసాకో బెల్లం ముక్క.”

“బెల్లమా! మీరెందుకు వేశారు?”

“మీరు మర్చిపోయారనుకున్నాను. తీపి లేకపోతే గాలి పుట్టదు కదండీ.”

“అది మీకెలా తెలుసు?”

అమ్మాయి వైపు చూశాను. వద్దని తల ఊపుతోంది, కళ్ళనిండా నీళ్ళు. ఒట్టు ఆ బిడ్డ మీదే, ఆ బిడ్డ కోసమే తప్పుతున్నాను, ఏ దేవుడడిగినా ఇదే చెబుతాను అనుకున్నాను.

“నాది బెల్లం వ్యాపారం కాదండి. మూడేళ్ళు సారా కాచాను. జైలుకి కూడా పోయొచ్చాను.”

నా మాట అయిందో లేదో లోపల ఇంకోటి పేలింది. ఆయన పిడి వదిలేశాడు.

ముగ్గురం హాల్లోకి వచ్చి, ఆ తలుపుకి ఎదురుగా, దూరంగా కూర్చున్నాం. ఆయన మొహం కాస్త మాడి ఉంది. పెళ్ళాం ఇన్నేళ్ళు దాచిందంటే ఎవరికి మాడదు? కుర్చీ నా వైపు జరుపుకున్నాడు.

“వేడి ఎంతుందో ఎలా చూసేవారండి?”

“మోచెయ్యి పెట్టి.”

ఢాం.

“మరి ఆ ఇడ్లీపిండి మాట?”

“అబద్ధమండి.”

“దమ్ బిర్యానీ?”

“అదీనండి.”

ఢాం. ఢాం.

ఆయన పెళ్ళాం వైపు తిరిగాడు. “నాకెందుకు చెప్పలేదు?”

“మీరు మా అమ్మని చులకన చేస్తారని.”

“మూడు వారాల నుంచీ ఆవిడకి ఈస్టు పాఠం చెబుతున్నాను! ఇందులో చులకనైంది ఎవరసలు?”

అమ్మాయి దానికి నవ్వలేదు. నా వైపు చూడకుండా అడిగింది. “ఆ రోజు జీపులోంచి నన్ను చూశావా?”

“చూశాను.”

“నేను తల తిప్పేసుకున్నాను.”

“ఊఁ.”

“ఎందుకు పిలవలేదు?”

“పిలిస్తే నీ పక్కనున్న పిల్లలకి తెలిసిపోదటే? తిప్పుకుంది, మంచి పని చేసింది అనుకున్నాను.”

అది నా భుజం మీద తల వాల్చింది. అప్పుడే ఢామ్మంటే ఇద్దరం ఉలిక్కిపడి, తలలు కొట్టుకుని, ఏడవాల్సింది పోయి నవ్వాం.

మోత ఆగి చాలాసేపయ్యాక నేనొక్కదాన్నే వెళ్ళాను, తడిపిన బొంత ముందు పట్టుకుని, నెత్తిన పప్పుగిన్నె బోర్లించుకుని. గది నిండా గాజు, నురగ. బియ్యం బస్తా కల్లు తాగినట్టు తడిసిపోయింది. తొమ్మిది సీసాలు మిగిలాయి. ఒక్కోదాని మీద తడిగుడ్డ కప్పి, మూత వదులు చేసి గాలి తీశాను. అల్లుడు దూరం నుంచి, “మెల్లగా, అత్తయ్యగారూ, మెల్లగా!” అంటున్నాడు. ఇప్పుడు ఆయన చిక్కుడుకాయల దగ్గర, నేను సీసాల దగ్గర.

మధ్యాహ్నం మేనేజరు గ్లాసు ఎత్తి వాసన చూసి, ఒక గుక్క తాగి ఏదో అడిగాడు. ఇందులో ఈ చెరుకు వాసన ఏంటి, ఎవరు చేశారు అని అట. అల్లుడు నోరు తెరిచి, మూసేసి, పెళ్ళాం వైపు చూశాడు. చెప్పడమా మానడమా దాని ఇష్టానికే వదిలేశాడు. ఆ ఒక్క పనికి ఆయనకి నేను ఎన్ని అట్లు వేసినా తక్కువే.

అమ్మాయి లేచి నిలబడింది. నన్ను చూపించి ఇంగ్లీషులో మొదలుపెట్టింది. నాకు ఇంగ్లీషు రాదు గానీ పోలీసు, జీపు అన్న మాటలు ఏ భాషలోనైనా తెలుస్తాయి. “చాల్లేవే” అని కొంగు లాగాను. ఆగలేదు. స్కూలు గేటు కూడా చెప్పింది, తను తల తిప్పుకున్నది కూడా తిప్పి చూపించింది.

ఆ పెద్దాయన గ్లాసు కింద పెట్టాడు. ఖాళీ గ్లాసు ఒకటి తీసుకుని, సీసాలో మిగిలింది అందులో ఒంపి, రెండు చేతులతో నా ముందుకు చాపాడు. “ఆంటీ ఫస్ట్ లా,” అన్నాడు. ముందు నేనే తాగాలట; ఆ ‘లా’ ఈ ఊళ్ళో ప్రతి మాటకీ ఉండే తోక.

అల్లుడి ఎదుట, అందరి ఎదుట, నేను! అమ్మాయి వైపు చూశాను.

“తాగమ్మా,” అంది.

తాగాను. అందరూ నా మొహం చూస్తున్నారు.

“ఎలా ఉందండీ?” అని అల్లుడు.

“చేదు. మా లంక సరుకు ముందు దిగదుడుపు,” అన్నాను.

అమ్మాయి నవ్వుతూ దాన్నీ ఇంగ్లీషులో చెప్పేసింది.