మా అవ్వ సాక్ష్యం

హుజూరాబాద్‌లో టీచరుగా చేరినప్పటి నుంచీ నేను పోగొట్టుకోని వస్తువు లేదు. దిద్దిన జవాబు పత్రాలు బస్సులో వదిలేసి వచ్చిన రోజు హెడ్‌మాస్టరు అందరి ముందూ "మీకు పని మీద ధ్యాస లేదమ్మా" అన్నాడు. ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. నేను నిజంగానే నిర్లక్ష్యపు మనిషినా, లేక నా బుర్ర తీరే అంతా? ఆ ఒక్కటీ తేల్చుకోవాలని కరీంనగర్‌లో మానసిక వైద్యురాలి దగ్గరికి వెళ్లాను. శ్రద్ధ నిలవని ఈ ఇబ్బంది చిన్నప్పటి నుంచీ ఉందో లేదో తెలియాలని, పెంచినవాళ్లను వెంట తెమ్మంది ఆవిడ.

నన్ను పెంచింది అవ్వ, అంటే మా అమ్మ. మెట్‌పల్లిలో బీడీలు చేసి చదివించింది. డాక్టరు నా చిన్నతనం గురించి అడుగుతుందని చెప్పగానే పెట్టెలోంచి పట్టుచీర తీసింది. నాకు అప్పుడే అనుమానం రావాల్సింది.

"వస్తువులు పారేసుకునేదా?" అని అడిగింది డాక్టరు.

"అయ్యో, గా ముచ్చటే లేదు మేడం. మా బిడ్డ బంగారం. చెప్పిన పని చెప్పినట్టు చేస్తది."

ఇవే మాటలు, ఇదే గొంతుతో, నా పెళ్లిచూపుల్లో విన్నాను. మగపెళ్లివాళ్లు అడిగినా డాక్టరు అడిగినా బిడ్డ లోపాన్ని గడప దాటనివ్వదు మా అవ్వ. ఆ మాట అంటున్నప్పుడు ఆమె ఒళ్లో ఉన్నది, పొద్దున నేను బస్సులో మరిచిపోతే తను పట్టుకొచ్చిన నా బ్యాగే. నవ్వొచ్చింది, వెంటనే భయమూ వేసింది. అవ్వ నన్ను ఇలాగే గెలిపిస్తే నేను నిర్లక్ష్యపు మనిషిగానే మిగిలిపోతాను.

డాక్టరు రాసుకోవడం ఆపి అవ్వ వైపు తిరిగింది. "అంత బుద్ధిమంతురాలైతే పెంచడం మీకు సులువే అయ్యుంటుంది" అంది.

అవ్వకు అక్కడ తగిలింది.

"సులువా? దీన్నా? పుస్తకం ముందల వెడితే గోడ మీది బల్లిని చూసుకుంట కూసునేది. బీడీల చాట పక్కన కూసోవెట్టుకొని చేతికి తునికాకు ఇచ్చిన. ఆకు కత్తిరిస్తుంటెనే పాఠం నోటికొచ్చేది. బడికని పోయి బాట మీద ఏ కోతినో చూసుకుంట నిలవడేది. అందుకని రోజూ ఎనుకనే వోయేదాన్ని, దానికి కనవడకుంట. అది లోపలికి పోయినంకనే మళ్ల వచ్చి బీడీలకు కూసునేదాన్ని."

ఆకు కత్తిరించడం నాకు గుర్తుంది, అవ్వకు సాయం చేస్తున్నాననుకునేదాన్ని. వెనక వచ్చిన సంగతి మాత్రం ఎన్నడూ తెలియదు. ఒంటరిగా బడికి పోయేదాన్నని మా బడి పిల్లలకు ఇప్పటికీ గొప్పలు చెబుతుంటాను! ఇంత పెద్ద కష్టాన్ని ఈ చిన్న మనిషి ఇన్నేళ్లు ఎక్కడ దాచిందా అని అవ్వనే చూస్తూ ఉండిపోయాను.

ఇది చిన్ననాటి నుంచీ ఉన్నదేనని, మందులున్నాయని, పని పద్ధతులు కూడా నేర్పిస్తానని చెప్పింది డాక్టరు. నా గుండెల మీది బండ దిగింది. పరేషానైంది అవ్వే.

"నేనున్నన్ని దినాలు చూసుకుంట మేడం. నేను పోయినంక?"

"తనే చూసుకుంటుందమ్మా. అందుకే కదా వచ్చింది" అంది డాక్టరు.

బస్టాండుకు బయలుదేరాం. ఎక్కడికి పోయినా అవ్వ నాకు కొంచెం వెనకే నడుస్తుంది. మోకాళ్ల నొప్పులని ఇన్నేళ్లూ అనుకున్నాను. ఆ రోజు తిరిగి చూశాను. నా బ్యాగు భుజాన వేసుకొని, నా మీది నుంచి చూపు తిప్పకుండా వస్తోంది.