మా అవ్వ నిలబడిన రోజు

నా పదవీ విరమణ సభలో వక్తలు నన్ను బాధితుల పాలిటి దేవత అన్నారు. శాలువా కప్పుకుని లోపల నవ్వుకున్నాను. దేవతా, నా మొహమా! నాది పగ.

నాకు తొమ్మిదేళ్లప్పుడు ఫ్యాక్టరీకి చెరుకు తోలే ట్రాక్టరు మా బాపును తొక్కి చంపేసింది. నడిపినవాడు మా ఊరి పటేలు కొడుకు, తాగి ఉన్నాడు. మేం నాన్నను బాపు, అమ్మను అవ్వ అంటాం. అవ్వ నన్ను వెంటబెట్టుకుని ఠాణాకు పోయింది. అప్పటికే పటేలు కుర్చీలో కూర్చుని ఎస్సైతో చాయ్ తాగుతున్నాడు. మమ్మల్ని గోడ పక్కన నిలబెట్టారు. పొద్దున పోయినవాళ్లం చీకటి పడేదాకా అక్కడే ఉన్నాం. అవ్వ కాళ్లు వాచిపోయాయి. చివరికి తప్పంతా బాపుదేనని రాసి, చదివి వినిపించకుండానే ఆమె వేలిముద్ర వేయించుకున్నారు.

"రాజీ అయిపాయె. ఇగ ఇంటికి పో" అన్నాడు పటేలు.

అవ్వ ఆ ఊరు విడిచి, బీడీలు చుట్టి నన్ను చదివించింది. నేను ఎస్సైనయ్యాను. ఎక్కడ పనిచేసినా మొదటి రోజే చెప్పేదాన్ని: దెబ్బ తిన్నవాళ్లకు కుర్చీ వేయాలి, రాసింది చదివి వినిపించాకే సంతకం, రాజీ మాట ఎత్తినవాడు ఎంత పెద్దవాడైనా నిలబడే మాట్లాడాలి. సిబ్బంది నాకు కుర్చీ మేడం అని పేరు పెట్టారు. పెట్టుకోనీ. పటేలు ఏదో ఒకరోజు నా గడప తొక్కకపోతాడా అని నేను కాచుకుని ఉన్నాను.

తొక్కాడు. అప్పుడు నేను బోధన్‌లో ఏసీపీని. చేతికర్ర పట్టుకుని వచ్చాడు, వెనక కూతురు. ఆమె కుడిచేతికి కట్టు. మొగుడు విరగ్గొట్టాడు. ఆమె కేసు పెడతానంటే, వద్దని నాతో చెప్పించడానికి తీసుకొచ్చాడు. వస్తూనే కుర్చీ లాక్కోబోయాడు.

"మీరు నిలబడుండ్రి. కుర్చీ ఆమెది" అన్నాను.

ఇంటి ఇజ్జత్ పోతుందన్నాడు. రాజీ చేసుకుంటామన్నాడు. ఆ మాట వినగానే నా ఒళ్లు మండిపోయింది. కూతురిని అడిగాను, నీకేం కావాలని.

"రాజీ వద్దు మేడం. కేసే గావాలె" అందామె, తండ్రి వైపు చూడకుండా.

ఎస్సైని పిలిచి రాయించాను. కావాలనే తీరిగ్గా, ఒక్కో మాట అడిగి అడిగి రాయించాను. చదివించాను. మళ్లీ చదివించాను. పటేలు కర్ర మీద ఒరిగి, కాలు మార్చి కాలు మీద నిలబడుతున్నాడు. అబద్ధమెందుకు, చూస్తుంటే నా కడుపు చల్లబడింది. ఆ సాయంత్రమే అల్లుడిని పట్టుకొచ్చారు.

పోయేముందు పటేలును ఆపి, మా బాపు పేరు చెప్పాను. ట్రాక్టరు సంగతి చెప్పాను. నా మొహంలోకి చూశాడు.

"యాదికి లేదమ్మా" అన్నాడు.

నిజంగానే గుర్తులేదు వాడికి. ఇన్నేళ్లూ నేను నిద్రలో కూడా వదలని రోజు, వాడికి ఒట్టి చాయ్ తాగిన రోజు.

ఇంటికి పోయి అవ్వకు చెప్పాను, వాడు మరిచిపోయాడన్న సంగతి తప్ప. ఆమె చేతిలోని బీడీ ఆకు చాటలో పెట్టింది.

"ఎంతసేపు నిలబెట్టినవ్?" అని అడిగింది.

రెండు గంటలు అన్నాను.

"గంతేనా?" అంది అవ్వ. "నేను పొద్దంత నిలబడ్డ."