యాభై ఆకుల పాట

పొద్దున మా వీధిలోంచి పెళ్లి ఊరేగింపు పోయింది. బండి మీద బీరువాలంత స్పీకర్లు. వాటి దెబ్బకు అరుగు మీద పెట్టిన నా టీ గ్లాసు దానంతటదే జరుగుతూ అంచు దాకా వచ్చింది. పక్కింటి దర్జీ సలీం కుట్టుమిషను ఆపి, తల ఊపుతూ, "జానపదం కాకా! మస్తుంది గదా" అన్నాడు. నాకు ఒళ్లు మండింది. "ఏ జనం పాడిండ్రయ్యా దీన్ని? ఏం పని జేసుకుంట పాడిండ్రు?" అని అరిచాను. ఆ మోతలో అతనికి వినపడలేదు. వినపడకపోవడమే మంచిదయింది. ఆ ప్రశ్న అడిగే హక్కు దమ్మపేటలో ఇంకెవరికైనా ఉందేమో గానీ నాకు లేదు. ఎందుకు లేదో చెప్పాలంటే గురవమ్మ గురించి చెప్పాలి.

తునికాకు అంటే బీడీలు చుట్టే ఆకు. ఎండాకాలంలో అడవి నుంచి కోసుకొచ్చి, యాభై ఆకులకొక కట్ట చొప్పున నారతో కట్టి కల్లంలో ఆరబెడతారు. అడవి అంచున ఉన్న అలాంటి కల్లంలో కట్టలు సరిచూసే పని నాది. అప్పుడు నాకు ఇరవై మూడేళ్లు. బడికి రెండేళ్లకు మించి పోలేదు. గోడల మీది పోస్టర్లూ, పొట్లాలు కట్టిన కాగితాలూ కూడబలుక్కుని చదువు నేర్చుకున్నాను. ఎవరూ నేర్పలేదు కాబట్టి ఆ చదువంటే నాకు మహా పొగరు. గురవమ్మ అప్పటికే పెద్ద మనిషి. సన్నగా, నల్లగా, ముందుపళ్లు రెండు లేకుండా ఉండేది. నా చంకలో పుస్తకం చూసి మొదటి రోజే, "ఏంది పంతులూ, బడి నిన్ను ఎల్లగొట్టిందా, నువ్వే బడిని ఎల్లగొట్టినవా?" అంది. కల్లంలో ఆడవాళ్లంతా పడిపడి నవ్వారు. అప్పటినుంచి నా పేరు పంతులే.

ఆమె కట్టిన కట్ట ఏది విప్పి చూసినా సరిగ్గా యాభై ఆకులుండేవి. మిగతావాళ్లు పెదాలు కదిలిస్తూ ఒకటీ రెండూ అని లెక్కపెట్టుకునేవాళ్లు. ఈమె లెక్కపెట్టేది కాదు, పాడేది. ఒకరోజు వరసగా పది కట్టలు విప్పాను. ఒక్క ఆకు ఎక్కువ లేదు, తక్కువ లేదు. "లెక్కబెట్టకుండ ఎట్ల కడ్తున్నవు పెద్దమ్మా?" అని అడిగాను. "పాట సక్కగుంటే కట్ట సక్కగుంటది పంతులూ. ఇప్పినవన్నీ మల్ల నువ్వే కట్టు, జల్దీ" అంది. పాడుకుంటూ చేస్తే పని బాగా సాగుతుందని చెబుతోందనుకున్నాను. అంతకు మించి ఆ మాటలో ఏముందో ఆలోచించలేదు.

పాటను వినడం ఆమె దగ్గరే నేర్చుకున్నాను. రాసుకుందామని నేను పెన్సిలు తీస్తే చాలు, "ముందు చెవి ఇటు పెట్టు, గది తర్వాత" అనేది. ఆ పాటలో ఎండిన అడవి ఉంది, పుట్టింటికి పోలేని పిల్ల ఉంది. వాటి మధ్యలో సత్తుపల్లి బస్సూ, కండక్టరు 'రైట్ రైట్' కేకా, పక్కన కూర్చుని కట్టలు కట్టే సుబ్బి ముక్కు మీద ఎగతాళీ ఉన్నాయి. టూరింగ్ టాకీసులో విన్న ఒక సినిమా పాట బాణీ పట్టి, అందులో తన మాటలు పోసి పాడే చరణం కూడా ఉంది. అదంటే ఆమెకు ప్రాణం. అది రాగానే కళ్లు మూసుకునేది, చేతులు మాత్రం ఆగేవి కావు.

ఆ రోజుల్లోనే ఎవరిదో పుస్తకం ముందుమాటలో అసలైన జానపదం కల్తీ లేకుండా ఉండాలని చదివాను. చదివింది తక్కువైనవాడికి అచ్చులో ఉన్నదల్లా శాసనమే కదా. బస్సును తీసేశాను. సుబ్బి ముక్కు తీసేశాను. సినిమా బాణీ చరణం మొత్తం కొట్టేశాను. అర్థం లేని 'హొయ్‌లె హొయ్'లు ఏరేశాను. మిగిలిందాన్ని గుండ్రటి అక్షరాలతో సాపు రాసి, కొట్టివేతలతో అసహ్యంగా ఉన్న చిత్తు కాగితాలు చించి పొయ్యిలో పెట్టాను. సాపు ప్రతి పట్టుకెళ్లి కల్లంలో ఆమెకు చదివి వినిపించాను, ఆమె పద్ధతిలోనే, రాగం తీసి. వింటూ కట్ట కడుతూనే ఉంది. నేను ఆపగానే ఆపింది.

"బాగుంది. నీ పాట బాగుంది పంతులూ."

"నాదేంది పెద్దమ్మా, నీదే గదా!"

"నాదైతే బస్సేడబాయె? సుబ్బి ఏడబాయె?"

"సినిమాలయి, బస్సులయి జానపదం కిందికి రావు. కల్తీ అంటరు."

"నా నోట్ల వడ్డంక గది సినిమాదెట్లయితదిరా? సినిమావోడొచ్చి ఆకు కడ్తడా?" అని నవ్వింది. తర్వాత చేతిలో ఉన్న కట్ట నా ముందుకు చాపింది. "సూడు, నిండలే."

నేను చదివి ఆమె పనికి అడ్డం పడ్డానని చెబుతోందనుకున్నాను. "తర్వాత కట్టుకుందువులే" అన్నాను. ఆమె పక్కకు తిరిగి మొదటినుంచి పాట ఎత్తుకుంది. నా చిన్న పుస్తకం ఖమ్మంలో అచ్చయింది, సేకర్తగా నా పేరుతో. ఆమె పోయింది. సుబ్బి పోయింది. ఆ కల్లంలో పాడినవాళ్లెవరూ మిగల్లేదు. నేనొక్కణ్నే ఆమె పాటను కాపాడానని ఇన్నేళ్లూ నలుగురిలో చెప్పుకుని తిరిగాను.

ఈ ఎండాకాలం గురవమ్మ మనవరాలు సరోజ మా ఇంటికొచ్చింది. ఆమె కూడా కల్లంలో ఆకు కడుతుంది. "తాతా, నా కట్టలన్నీ తప్పుతున్నయ్. మా అవ్వ పాట పాడితే కట్ట తప్పదని మా అమ్మ అంటుండె. గా పాట నీ పుస్తకంల ఉన్నదంట గదా" అంది. యాభై ఆకులు ముందే లెక్కపెట్టి సంచిలో తెచ్చుకుంది. నాకు ఛాతీ పొంగింది. పుస్తకం తీసి పాడాను. సరోజ గచ్చు మీద కూర్చుని తాళం దెబ్బకొక ఆకు పేర్చింది. పాట అయిపోయింది. ఆమె ఒళ్లో ఇంకా ఆకులున్నాయి.

"ఇంక ఉన్నదా తాతా?"

"ఇంతే బిడ్డా."

సరోజ ఒళ్లో ఆకులు లెక్కపెట్టింది. "పన్నెండు మిగిలినయ్."

అప్పుడు తెలిసింది. 'నిండలే' అని ఆ రోజు గురవమ్మ నాకెందుకు చూపిందో. బస్సు కొన్ని ఆకులు. సుబ్బి ముక్కు కొన్ని. నేను కల్తీ అని కొట్టేసిన చరణం కొన్ని. చదువుకున్నవాణ్నని పెన్సిలు పట్టుకుని, ఒక మనిషి బతుకంతా తప్పని లెక్కను తప్పించాను. ఈ పొద్దుటి స్పీకర్ల బండివాడు నయం. వాడు తెచ్చి మోగించాడే గానీ ఆమె పాటలోంచి ఏదీ తీసేయలేదు.

నా మొహం చూసి సరోజకు జాలేసినట్టుంది. ఆ పన్నెండు ఆకులూ నా ముందు పెట్టి, "ఉంచుకో తాతా. యాదికొస్తే పాడు, నేను మల్లొస్త" అని వెళ్లింది.

అవి ఎండి, ముట్టుకుంటే గలగలమంటున్నాయి. రోజూ ముందు పెట్టుకుని కూర్చుంటున్నాను. బస్సు గుర్తొచ్చింది, రెండు ఆకులు వేశాను. 'రైట్ రైట్'కు రెండు. సుబ్బి ముక్కుకు ఒకటి. ఆ తర్వాత సినిమా బాణీ వస్తుంది. బాణీ నాకు బాగా గుర్తుంది. ఆ పాత పాట ఇప్పటికీ సలీం సెల్లులో మోగుతూనే ఉంటుంది. కానీ నోరు తెరిస్తే సినిమా మాటలే వస్తున్నాయి. గురవమ్మ పోసిన మాటలు ఒక్కటీ రావడం లేదు. మళ్లీ బస్సు దగ్గర మొదలుపెడతాను. ఐదు ఆకులు పడతాయి. ఆరో ఆకు చేతిలోనే ఉంటుంది.