రాజేశ్వరమ్మత్తయ్య సోఫా తగువు

ఏ వస్తువు నచ్చకపోయినా, ఏ పని ఆలస్యమైనా మా రాజేశ్వరమ్మత్తయ్య దగ్గర ఒకటే మందు: వినియోగదారుల ఫోరం. మామిడికుదురులో ఆవిడ నోట ఆ మాట పడని వ్యాపారి లేడు.

ఈ విద్య ఆవిడకి అమలాపురంలో ఓ మహిళా మండలి సభలో అబ్బింది. ఎవరో లాయరు గారు వచ్చి వినియోగదారుల హక్కుల గురించి మాట్లాడారట. మిగతా ఆడవాళ్లంతా ఉప్మా తిని ఇళ్లకొచ్చేశారు. అత్తయ్య ఉప్మాతో పాటు చట్టాన్ని కూడా ఒంటబట్టించుకుని వచ్చింది.

"తెల్లకాగితం మీద రాసిస్తే చాలంటరా ప్రసాదూ. వకీలు కూడా అక్కర్లేదు. మనమే వాదించుకోవచ్చంట!" అంది. అప్పుడావిడ మొహంలో వెలుగు చూసి నాకు వ్యాపారస్తుల మీద జాలేసింది.

దర్జీ వీరబాబు జాకెట్టు చేతులు బిగుతుగా కుట్టాడని ఫోరం అంది. "మీరే కాస్త ఒళ్లు చేసేరండీ" అన్నాడతను. దాంతో అతని మీద రెండో నేరం కూడా పడింది.

పంతులుగారు సత్యనారాయణ వ్రతంలో నాలుగు కథలు చెప్పి, ఇంకో ఇంటికి వేళయిందని లేచారు.

"ఐదో కథేదండీ?"

"సారాంశం అంతా వచ్చేసిందమ్మా."

"సారాంశానికా అండీ మిమ్మల్ని పిలిచింది? దీన్ని సేవల్లో లోపం అంటారండీ!"

పంతులుగారు తొడుక్కున్న చెప్పులు విడిచి, వెనక్కొచ్చి ఐదో కథ చెప్పారు. భయం కొద్దీ ఆరోది కూడా మొదలుపెట్టబోతే మేమే ఆపాం.

1999 వానాకాలంలో అత్తయ్య అమలాపురంలో ఏడుకొండలు గారి ఫర్నిచర్ షాపులో టేకు సోఫా పురమాయించింది. బిల్లు మీద డెలివరీ తేదీ రాయించి సంతకం పెట్టించుకుంది. తేదీ వచ్చింది, సోఫా రాలేదు. ఫోన్ చేస్తే వానలకి పాలిష్ ఆరలేదన్నారు. తర్వాత లారీ రావులపాలెంలో ఆగిపోయిందన్నారు. ఇంకోసారి వడ్రంగి మావగారు పోయారన్నారు. ఆ పై వారం ఆ మావగారే మళ్లీ పోయారు.

"ఒక మావగారు రెండుసార్లు పోవడం కుదరదురా. స్కూటర్ తియ్యి."

షాపులోకి అడుగుపెడుతూనే, గుమ్మానికి ఎదురుగా పెట్టిన ఖరీదైన మఖమల్ సోఫాలో అత్తయ్య చతికిలబడింది.

"నా సోఫా వచ్చేదాకా ఇక్కడే కూచుంటానండీ."

"ఆయ్, కూచోండమ్మా. మీ షాపే అనుకోండి" అన్నారు ఏడుకొండలు గారు మర్యాదకి. ఆవిడ నిజంగానే అనుకుంది. మర్నాటి నుంచి క్యారియరుతో, ఫ్లాస్కుతో రావడం మొదలుపెట్టింది. వచ్చిన వాళ్లందరినీ పిలిచి మరీ చెప్పేది.

"బిల్లు మీద తేదీ రాయించుకోమ్మా. తేదీకివ్వకపోతే డబ్బు వెనక్కడగొచ్చు. నష్టపరిహారం కూడా అడగొచ్చు."

"మీ అమ్మగారు ఎంత నిజాయితీ మనిషండీ!" అని ఓ పెద్దమనిషి ఏడుకొండలు గారిని మెచ్చుకుని, ఏమీ కొనకుండా వెళ్లిపోయాడు.

ఓ రోజు ఏడుకొండలు గారు నన్ను షాపు బయటే పట్టుకున్నారు.

"ప్రసాద్ గారూ, మీ అత్తయ్యగారి సోఫా సోమారమే వచ్చేసిందండీ. పట్టుకెళ్లమంటే వద్దంటన్నారు! నేను ఆలస్యం చేస్తే ఆవిడ ఫోరానికెళ్తారు. ఆవిడ ఆలస్యం చేస్తే నేనెక్కడికెళ్లాలండీ?"

లోపలికెళ్లి అత్తయ్యని నిలదీశాను. ఆవిడ గుమ్మం వైపు చూపించింది. అక్కడ ఖాళీ చేపల తట్టతో ఓ ఆవిడ నిలబడి ఉంది.

"ఆవిడ మాణిక్యం. వాళ్లది సముద్రం ఒడ్డున ఓడలరేవు. వాళ్లాయన సత్తియ్య పడవ మీద జారిపడి నడుం విరగ్గొట్టుకున్నాడు. కింద చాప మీంచి లేవలేకపోతున్నాడని ఎత్తు మంచం చెప్పుకుంది, నాకంటే ముందే. రోజూ వచ్చి అడుగుతుంది, వచ్చే వారం అంటారు, వెళ్లిపోతుంది. నేను గోల చేస్తున్నానని వడ్రంగిని ఆవిడ పనిలోంచి లాగి నా సోఫాకి పెట్టేర్రా." అత్తయ్య గొంతు కాస్త తగ్గింది. "నోరు లేనోళ్ల పని ఆపించడానికట్రా నేను నోరు చేసుకున్నది?"

అని, గుమ్మం వైపు తిరిగింది. "మాణిక్యం! ఇలా వచ్చి కూచో."

"వద్దండమ్మా, సేపల వాసనండి."

"ఆలస్యం నీకూ అయిందిగా? కూచో! ఏడుకొండలు గారూ, ఈవిడ మంచం వాళ్లింట్లో దిగాకే నా సోఫా కదుల్తుంది. రేపట్నుంచి ఇద్దరం కూచుంటాం."

ఏడుకొండలు గారు మాణిక్యం తడి చీరని చూశారు. తన మఖమల్ సోఫాని చూశారు. వెంటనే వడ్రంగి కోసం మనిషిని పరిగెత్తించారు.

మంచం తయారవగానే ట్రాలీ ఆటోలో ఓడలరేవు తీసుకెళ్లాం. అత్తయ్య నాలుగు కోళ్లూ ఊపి చూసి ఊఁ అన్నాక, సత్తియ్యని లేవనెత్తి పడుకోబెట్టాం. ఆవిడ కొంగు దోపి ఉపన్యాసం అందుకుంది.

"చూడు సత్తియ్యా, ఇది నీకెవరో చేసిన దయ కాదు. నీ హక్కు. ఇకమీదట ఏం కొన్నా..."

"ఆయ్" అన్నాడు సత్తియ్య.

"బిల్లడగాలి."

"ఆ...య్."

మూడో "ఆయ్" గురకలో కలిసిపోయింది. మాణిక్యం కంగారుపడింది. "ఏవయ్యా, లెగు! అమ్మగారు సెప్తన్నారు!"

"ష్! పడుకోనియ్యి" అంది అత్తయ్య.

మాణిక్యాన్ని పక్కకి తీసుకెళ్లి, మిగతా చట్టమంతా ఆవిడ చెవిలో చెప్పింది. మా రాజేశ్వరమ్మత్తయ్య గుసగుసగా మాట్లాడగలదని మా వంశంలో ఎవరికైనా తెలిసింది ఆ రోజే.