మూడు వేళ్ల పిడి

శామీర్‌పేట చెరువు దగ్గర, పెద్ద రోడ్డు పక్కన నీలం పరదా కింద కూచుని చేపలు కొట్టే సుక్కమ్మను ఎరగనివాళ్లు ఆ చుట్టుపక్కల తక్కువ. చెయ్యి తిరిగిన మనిషి. నాలుగు కిలోల బొచ్చె చేపను మొద్దు మీద పడేసిందంటే, కొన్నవాళ్లు ఫోన్ చూసుకుని మళ్లీ జేబులో పెట్టుకునేలోపు ముక్కలు సంచిలో ఉంటాయి. కానీ ఇది సుక్కమ్మ కథ కాదు, ఆమె కూతురు ప్రణీత కథ. ప్రణీతకు ఇరవై మూడేళ్లు. ఇంటరు చదివింది. చేపల వాసనంటే చిన్నప్పటి నుంచీ మొహం తిప్పుకునేది. "నీ లెక్క నేను నీసులో కూసోను" అని తల్లి మొహం మీదే చెప్పి, మేడ్చల్ అవతల రేకు డబ్బాలు చేసే ఒక కంపెనీలో చేరింది. చేరిన రోజు సుక్కమ్మ నలుగురికీ చెప్పుకుంది, తన బిడ్డ కుర్చీ మీద కూచుని చేసే పనికి పోయిందని. నిజానికి అక్కడ కుర్చీ లేదు, ఎనిమిది గంటలూ నిలబడే పని. ఆ సంగతి ప్రణీత తల్లికి చెప్పలేదు.

నిరుడు దసరాకు ముందు, ప్రెస్ మిషన్ కింద రేకు సర్దుతుండగా ఆమె కుడిచేతి చిటికెన వేలూ దాని పక్కనున్న ఉంగరం వేలూ పోయాయి. తప్పు ఎవరిదన్న మాట చాలా రోజులు నడిచింది. ఎవరిదని తేలినా వేళ్లు తిరిగి రావు కాబట్టి ఆ గొడవ మనకెందుకు?

గాయం మానింది. బాధ మానలేదు. విచిత్రమేమిటంటే, ఉన్న మూడు వేళ్లూ బాగానే ఉండేవి, లేని రెండే సతాయించేవి. ఒక్కోసారి దురద, ఒక్కోసారి ఎవరో పట్టుకుని నులిమినట్టు నొప్పి. గోక్కుందామంటే అక్కడ గాలి తప్ప ఏమీ లేదు. ఆసుపత్రిలో డాక్టరు, "వేళ్లు పోయిన సంగతి నరాలకు ఇంకా తెలియదమ్మా. మెల్లగా తెలుస్తుంది" అన్నాడు. నరాలకు ఎవరు పోయి చెప్పాలి, నేనే పోయి చెప్పాలా అని ప్రణీతకు ఒళ్లు మండింది.

జడ తల్లే వెయ్యాలి. తాళం తిప్పాలన్నా, నీళ్ల బిందె ఎత్తాలన్నా తల్లే. వాడకట్టు ఆడవాళ్లు వచ్చి "అయ్యో పాపం" అని పోయేవారు. పోతూ పోతూ, ఆమె వినాలనే అన్నట్టు, ఇక పెళ్లెట్లా అవుతుందో అని గొణిగేవారు. నాలుగు నెలలు గోడకు చేరగిలబడి ఆ మాటలన్నీ విన్నది ప్రణీత. ఒకరోజు పొద్దున సుక్కమ్మ గంప ఎత్తుకుంటుంటే, చెప్పులేసుకుని వెంట నడిచింది.

"ఏడికే?" అంది సుక్కమ్మ.

"నేను గూడ వస్త. చేపలు కొడ్త."

సుక్కమ్మ నవ్వలేదు, వద్దనలేదు. పొలుసు గీకే పని ఇచ్చింది. అది ప్రణీతకు కొట్టినట్టయింది. ఆ పరదా కింద పొలుసు గీకేది ఎవరు? చూపు ఆనని ముసలమ్మ ఒకతె, ఆమె లేని రోజున ఖాళీగా దొరికినవాళ్లెవరో. మొద్దు ముందు కూచున్నదే మనిషి, పక్కన కూచున్నది ఆసరా. అప్పటికే తల్లి మీద పడి తింటున్నాననే దిగులు ఆమెను తొలిచేస్తోంది. ఒక నెల పొలుసు గీకి, చివరికి అడిగేసింది.

"అమ్మా, నాకు మొద్దు ఎప్పుడు ఏపిస్తవ్?"

సుక్కమ్మ చేతిలోని చేపను మొద్దు మీద పెట్టింది. "మిరుగు నాటికి నువ్వు బొచ్చెను కొట్టినవనుకో, నా పక్కన మొద్దు ఏపిస్త. కొట్టలేకపోతే ఇగ ఆ ముచ్చట ఎత్తకు బిడ్డా. నీ సెయ్యి తెగుతుంటే సూసే ఓపిక నాకు లేదు" అంది.

మిరుగు అంటే మృగశిర కార్తె. ఆ మొదటి రోజున ఈ పక్కన చేప ఉడకని ఇల్లు ఉండదు. అందరూ చేపకే ఎగబడతారు. ఆ ఒక్కరోజు మొద్దు మీద నిలిచినవాళ్లు ఏడాదంతా నిలుస్తారని సుక్కమ్మ లెక్క. గడువు మూడు నెలలు.

తల్లి కత్తితో మొదలుపెట్టింది ప్రణీత. పట్టు దొరకలేదు. కత్తి పిడి చివర బిగించి పట్టేవి చిన్న వేళ్లు రెండే. ఇన్నాళ్లూ ఆ సంగతి ఎవరికి తెలుసు? అవి లేకపోయేసరికి పిడి వెనక భాగం పైకి లేచిపోయేది. ఎడమచేత్తో ప్రయత్నిస్తే మూడోరోజే కుడి బొటనవేలికి ఆరు కుట్లు పడ్డాయి. తల ప్రాణం తోకకొచ్చింది.

అప్పుడు బస్సెక్కి మేడ్చల్ పోయింది. మార్కెట్టు వెనక సందులో ఎల్లయ్య అనే ముసలి కమ్మరి ఉన్నాడు. సుక్కమ్మ కత్తులన్నీ ఆయన చేసినవే. ఎల్లయ్య ప్రణీత చెయ్యి పట్టుకుని అటూ ఇటూ తిప్పి, వంకర మేకును చూసినట్టు చూశాడు. జాలి మాట ఒక్కటీ అనలేదు. అందుకే ఆమెకు ఆయన నచ్చాడు.

"కత్తి తప్పు గాదు, సెయ్యి తప్పు గాదు. ఐదు వేళ్ల పిడి మూడు వేళ్లకు ఏడ ఆగుతది? నీకు ఏరే పిడి గావాలె. పొట్టిగ, ఎనకాల లావుగ, అరచేయి నిండేటట్టు."

"నువ్వే చేసియ్యి తాతా."

"నేను జేస్తే నా సేతికి కుదురుతది. ఎవ్వల పిడి ఆళ్లే సెక్కుకోవాలె. సూత్రం ఒక్కటే బిడ్డా. పట్టుకొని సూడు. ఏడ ఒత్తుకుంటాందో ఆడ సెక్కు. మల్ల పట్టు, మల్ల సెక్కు. ఒత్తుడు ఆగిందంటే కుదిరినట్టే." అని పిడి లేని కత్తి ఒకటి, వెనక పిడిలో దిగే సన్నటి ఇనుప తోకతో, ఆమె చేతిలో పెట్టాడు.

మొదటి పిడి వేప కొమ్మతో చేసింది. పచ్చికొమ్మ, మెత్తగా తెగింది, బిగుతుగానే కూచుంది. వారం తిరిగేసరికి కర్ర ఎండి, కత్తి తోక లోపల గిలక్కాయలా ఆడింది. నీళ్లలో నానేస్తే బిగుస్తుందని వాడకట్టులో ఒకామె చెప్పింది. నానేస్తే బిగిసింది, ఎండితే మళ్లీ ఊడింది. రెండోది ఎండు కర్రే, కానీ బెజ్జం వంకరపోయింది. తోకను ఎర్రగా కాల్చి దిగగొడితే కర్ర నిలువునా రెండుగా చీలింది. ఆ చీలిక చప్పుడుకు ఆమె వాకిట్లోనే కూలబడి ఏడ్చింది. పిడి కోసం ఎవరైనా ఏడుస్తారా అని మీరనొచ్చు. ఆమె ఏడ్చింది పిడి కోసం కాదు.

మళ్లీ మేడ్చల్ పోతే ఎల్లయ్య తిట్టి, పాత నాగలి నుంచి తీసిన తుమ్మ ముక్క ఒకటి ఇచ్చాడు. "దీనికి నీకన్న ఎక్కువ ఏండ్లు. ఇది ఎండేది లేదు, సీలేది లేదు" అన్నాడు. పిడి మూతికి బిగించడానికి ఉంగరంలాంటి ఇనుప పొన్ను కూడా ఇచ్చాడు.

ఆ ముక్కతో ఆమె రెండు నెలలు కాపురం చేసింది. రెండు కాళ్ల మధ్య ఇరికించుకుని ఎడమచేత్తో చెక్కేది. తుమ్మ ఇనుములాంటిది, రోజంతా చెక్కితే గుప్పెడు పొట్టు రాలేది. చెక్కడం, కుడిచేత్తో పట్టుకోవడం, కళ్లు మూసుకుని ఎక్కడ ఒత్తుకుంటోందో చూసుకోవడం. బొటనవేలి మొదట్లో ఒత్తుకుంది, చెక్కింది. చూపుడువేలి కింద ఒత్తుకుంది, చెక్కింది. అరచేతి మడమ దగ్గర ఒత్తుకుంది, అక్కడా తీసింది. అయినా పిడి వెనకవైపు ఒత్తుడు ఆగలేదు. గట్టిగా పట్టుకున్నప్పుడల్లా అక్కడ కర్ర గుచ్చుకుని, నొప్పి మోచేతి దాకా పాకేది. కొంచెం తీసింది. తగ్గింది కానీ పోలేదు. ఇంకొంచెం తీసింది. గాజుపెంకుతో గీకి గీకి, చివరికి ఒక మధ్యాహ్నం పట్టుకుంటే ఎక్కడా ఏమీ ఒత్తుకోలేదు. ఎనిమిది నెలల్లో మొదటిసారి ఆ చెయ్యి పూర్తిగా ఊరుకుంది. దురద లేదు, నులిమినట్టు లేదు. చెయ్యి మొత్తం ఉన్నట్టే అనిపించింది. ఆ సుఖానికి ఆమె పిడిని వదలకుండా చాలాసేపు అట్లాగే కూచుంది.

అది మిరుగుకు ముందురోజు. తోక కాల్చి దించింది, కమురు వాసన వాకిలంతా నిండింది. సందుల్లో లక్క కరిగించి పోసింది, పొన్ను బిగించింది, నూనె రుద్దింది. సొరకాయ మీద వేసి చూస్తే వెన్నలో దిగినట్టు దిగింది. సుక్కమ్మ చెయ్యి చాపి, "ఏదీ, సూడనియ్యి" అంది.

"రేపు చూడు" అని ప్రణీత నవ్వుతూ కత్తిని గుడ్డలో చుట్టేసింది. ఆమె నవ్వి చాలా కాలమైంది. సుక్కమ్మ ఆ మొహం చూసి ఇక అడగలేదు. సాయంత్రం పోయి చింత మొద్దు ఒకటి ఆటోలో వేసుకొచ్చింది.

మర్నాడు తెల్లవారకముందే పరదా ముందు జనం. కార్లు రోడ్డు వారన బారుగా ఆగాయి. సుక్కమ్మ పక్కన కొత్త మొద్దు ముందు ప్రణీత కూచుంది. బౌరంపేట్ నుంచి వచ్చిన ఒకాయన మూడున్నర కిలోల బొచ్చెను తెచ్చి ఆమె ముందే పెట్టాడు. రెక్కలు కోసింది. తోక కోసింది. పొట్ట చీల్చింది. చెయ్యి నిలిచింది. ఓరకంట తల్లి చూస్తోందని ఆమెకు తెలుసు.

ఇక తలకాయ. పెద్ద చేప తలకాయ ఊరికే తెగదు. కత్తిని మెడ మీద ఆనించి, కత్తి వీపు మీద కర్ర గూటంతో దెబ్బ వెయ్యాలి. కుడిచేత్తో కత్తి నిలబెట్టింది, ఎడమచేత్తో గూటం ఎత్తింది. అప్పటికే చెయ్యంతా నెత్తురూ జిగురూ. దెబ్బ పడగానే పిడి చేతిలో గిర్రున తిరిగింది. కత్తి పక్కకు వాలి చేప బుగ్గను చీల్చింది. మళ్లీ ఆనించి కొట్టింది. మళ్లీ తిరిగింది. మూడోసారి పళ్లు బిగబట్టి, ఉన్న బలమంతా పెట్టి పట్టుకుంది. పిడి వెనకాల పట్టుకోవడానికి ఏమీ లేనట్టు, చెయ్యి ఖాళీలోకి జారింది. కత్తి ఎగిరి మొద్దు అవతల పడింది.

"అమ్మా, చేప నుజ్జయిపోతోంది. మీ అమ్మగారితో కొట్టించండి" అన్నాడాయన, మర్యాదగానే. వెనకున్నవాళ్లు సుక్కమ్మ వరుసలోకి జరిగారు. ప్రణీత ముందు ఖాళీ అయింది.

సుక్కమ్మ లేచి వచ్చింది. కింద పడ్డ కత్తి తీసి, కంగారు పడొద్దన్నట్టు కూతురి భుజం మీద ఒక చెయ్యి వేసి, ఆ సగం తెగిన తలకాయ మీద కత్తి ఆనించింది. ఆనించి ఆగిపోయింది.

చెయ్యి తిప్పి చూసుకుంది. తన నాలుగు వేళ్లూ నాలుగు గుంటల్లో కూచున్నాయి. చూపుడువేలికొకటి, నడిమివేలికొకటి. ఆ రెండూ మామూలు లోతే. వెనక మరో రెండు, ఉంగరం వేలికీ చిటికెన వేలికీ, అన్నిటికన్నా లోతుగా, అన్నిటికన్నా నున్నగా. తల్లిదీ కూతురిదీ ఒకటే చెయ్యి అని ప్రణీత పుట్టినప్పుడే మంత్రసాని అన్నది. సుక్కమ్మ చిటికెన వేలు ఆ గుంటలో కొలిచి చెక్కినట్టు ఒదిగింది.

ప్రణీత కూడా చూసింది. చూడగానే అర్థమైంది. వెనకవైపు అన్నాళ్లు ఒత్తుకున్నది ఏ వేళ్లకో అర్థమైంది. లేని వేళ్లు నొస్తున్నాయని, వాటికి చోటు ఇవ్వడానికి తన మూడు వేళ్లకు ఆసరా కావలసిన కర్రనంతా రెండు నెలలు కూచుని తన చేతులతోనే తీసిపారేసింది. తాత సూత్రం తప్పు కాదు. ఒత్తుకున్న చోటే చెక్కింది.

"అవ్వా, జల్దీ కానియ్యి" అన్నారు ఎవరో.

సుక్కమ్మ గూటం ఎత్తింది. ఒక్క దెబ్బ. తలకాయ తెగి పడింది. తర్వాత ఇంకో చేప వచ్చింది, ఇంకోటి వచ్చింది. పాత కత్తిని తీసుకోవడానికి తన మొద్దు దాకా పోయే తీరిక ఎవరిచ్చారు? నిలబడ్డచోటే కూచుంది, కూతురి మొద్దు ముందు. ప్రణీత పక్కకు జరిగింది, ఎవరూ జరగమనలేదు. పొలుసు గీకే పెంకు అందుకుంది.

పొద్దెక్కాక, రోజూ వచ్చే ఒకామె చేపకోసం నిలబడి సుక్కమ్మ చేతికేసి చూసింది. "మస్తు కుదిరిందే అక్కా నీ సేతికి. గీ పిడి ఏడ చేపిచ్చినవ్?"

సుక్కమ్మ కత్తి ఆపలేదు.

"నా బిడ్డ చేసింది" అంది. కూతురి వైపు చూడకుండా, "నాకోసమనే చేసింది" అంది.

ప్రణీత తల ఎత్తలేదు. చిటికెన వేలు ఉండవలసిన చోట మళ్లీ నొప్పి మొదలైంది. ఆమె ఇంకో చేపను దగ్గరికి లాక్కుని పొలుసు గీకడం మొదలుపెట్టింది.